మిగిలిన నాలుగు చప్పట్లు

ఏలూరు,
9 సెప్టెంబరు 2024

అత్తయ్యకి నిరంజన్ వందనాలు.

ఫోను చేస్తే మీకు వినపడదు, మెసేజి పెడితే మీరు చూడరు. చేతిరాత చూస్తేనే మనిషి ఎలా ఉన్నాడో తెలుస్తుందని మీరు పట్టుబట్టారు కాబట్టి ఎన్నో ఏళ్ళ తర్వాత పోస్టాఫీసుకి వెళ్ళి కవరు కొన్నాను. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపకండి, నేనిప్పుడు మీ ఆరోతరగతి పిల్లాణ్ణి కాను.

మీ పాటకి వీడియో ఖాయమైందండీ. చేయిస్తున్నది గూడెం విజయ్ కుమార్ గారు. వాళ్ళమ్మాయి సిల్వియా తెర మీద పెదవులు కదుపుతుంది. గొంతు మీదే. జులైలో తాడేపల్లిగూడెం స్టూడియోలో మీరు పాడిన ట్రాకు మీద మా ప్రదీప్ పని చేస్తున్నాడు. నవంబరులో కొల్లేటికి పక్షులు వచ్చాక షూటింగు. చివర పల్లవిలో మీరు కూడా పడవలో ఉండాలి. పాట రాసిన మనిషి కనపడకపోతే నాకు తృప్తి ఉండదు.

ఒక్క సంగతి అడుగుతాను. ఆరేళ్ళలో నలభై క్రైస్తవ పాటలకి వీడియోలు తీశాను. డ్రోను ఎగరేశాను, పొగ పెట్టాను, తెల్లగౌన్లు వేసిన అమ్మాయిల్ని కొబ్బరితోటల్లో నడిపించాను. ఒక్కటి కూడా ఎవరికీ గుర్తు లేదు. మూడోరోజుకే మరిచిపోతారు. కొన్ని వీడియోలు మాత్రం పదేళ్ళయినా జనం నోట్లో, కళ్ళలో ఉండిపోతాయి. వాటిలో ఏముంది? ముప్పై ఏళ్ళు పాట నేర్పిన మీకు తెలిసి ఉండాలి. మా నాన్నకి కూడా పాట నేర్పిన అక్క కదా మీరు.

మీ
నిరంజన్

*

ముదినేపల్లి,
17 సెప్టెంబరు 2024

చిరంజీవి నిరంజన్‌ని ప్రసన్నత్తయ్య దీవించి రాయునది.

ఉత్తరం చేరింది. మూడు తప్పులున్నాయి, ఊరుకున్నాను. జిల్లాలు మార్చి మమ్మల్ని ఏలూరులో కలిపారు గానీ నువ్వు మాత్రం ఇదివరకటికన్నా దూరమయ్యావు. ఈ మాట కూడా ఊరికే అన్నాను, పట్టించుకోకు.

నన్నడిగావు కాబట్టి చెబుతున్నాను. సండే స్కూల్లో పిల్లలకి ఎన్నో పాటలు చెప్పాను. మంచి రాగం ఉన్నవి మరిచిపోయారు, గొప్ప మాటలున్నవి మరిచిపోయారు. చేతులతో అభినయం చేసినవి మాత్రం ముసలివాళ్ళయినా మరిచిపోలేదు. మీ నాన్న యేసుదాసు ఆసుపత్రి మంచం మీద కూడా నాలుగేళ్ళప్పుడు నేర్చిన పాటకి వేళ్ళు కదిపాడు, నువ్వే చూశావు. కంటికి ఎంత అందం చూపించినా కన్ను దాటి పోతుంది. చూసినవాడు ఇంటికి వెళ్ళి తన ఒంటితో చేసి చూసుకునేది ఒకటి ఉండాలి. అది ఉంటే పాట నిలుస్తుంది. నీ డ్రోను ఎవరి ఇంట్లో ఉంది, ఎవరు ఎగరేస్తారు?

ఇక నా సంగతి. కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమచెవి జులైలో నీ స్టూడియోలో ఉన్నంత కూడా ఇప్పుడు లేదు. ఏలూరు డాక్టరు గారు నరం ఎండిపోతోంది, క్రిస్మస్ దాకా ఉంటే అదృష్టం అన్నారు. మిషను పెట్టుకుంటే రైస్‌మిల్లులో కూర్చున్నట్టుంది. నా ముందు ఎవరేం మాట్లాడినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

అందుకని ఒక్క మాట అడుగుతున్నాను. మీ మావయ్య తోమా చనిపోయిన ఏడాది నేను రాసుకున్న పాట అది. నువ్వు తెర మీద ఎవరిని చూపించినా సరే, నా గొంతుకి ఏమీ చేయకు. "ఒడ్డు కానరాని నీటిలో, ఒక్క కేకకు వచ్చితివి" అన్నచోట, "కేకకు" తర్వాత నేను ఊపిరి తీసి ఆగుతాను. ప్రదీప్ అది ఖాళీ అనుకుని కత్తిరిస్తాడేమో. కేక వేశాక ఎవరైనా రావడానికి కొంతసేపు పడుతుంది కదా, ఆ సేపు అది. ఇక ముందు నా గొంతు నాకే వినపడదు. శ్రుతిలో ఉన్నానో లేదో తెలియక నోరు మూసుకుంటాను. శ్రుతిలో, తాళంలో ఉన్న నేను ఇక నీ దగ్గరున్న ఆ ట్రాకులోనే ఉంటాను. జాగ్రత్తగా ఉంచు.

పడవలోకి వస్తాను. మంచి చీర ఏది కట్టుకోవాలో రాయి.

అత్తయ్య

*

ఏలూరు,
2 డిసెంబరు 2024

అత్తయ్యకి వందనాలు.

షూటింగు నుంచి క్షేమంగా చేరారని పాస్టరమ్మ పెర్సిస్ గారు చెప్పారు. ఆవిడే మిమ్మల్ని దగ్గరుండి తీసుకొచ్చి, తీసుకెళ్ళినందుకు ఆవిడకి నా వందనాలు చెప్పండి.

ఆ ఒక్క షాటు చాలండీ. చివర పల్లవి మొత్తం ఒక్క ముక్కగా వచ్చింది. పాట అయ్యీ అవగానే గూడబాతులు గుంపుగా లేచాయి. ఎవరం అనుకోలేదు. మళ్ళీ తీద్దామన్నా అవి లేవవు. నీలం చీరలో మీరు పడవ వెనక కొసన కూర్చుని చప్పట్లు కొడుతుంటే, ముందు సిల్వియా, పైన పక్షులు. ఎడిటింగులో ఎన్నిసార్లు చూసినా అది తీసేయడానికి చేయి రావడం లేదు.

క్రిస్మస్ ముందు విడుదల. ట్రాకు గురించి అడిగారు కదా, ప్రదీప్ అక్కడక్కడా కాస్త సర్దాడు. ఈ రోజుల్లో సర్దకుండా కుదరదండీ. మిగతాది తీరిగ్గా రాస్తాను.

నిరంజన్

*

ముదినేపల్లి,
11 డిసెంబరు 2024

నిరంజన్‌కి దీవెనలు.

నువ్వు తీరిగ్గా రాసేలోపు నేనే రాస్తున్నాను. ఎడమచెవి మొన్న ఆదివారం పూర్తిగా మూతపడింది. గుడిలో గంట కొట్టే ఏలీయా చేతులు చూసి ఆరాధన మొదలైందని తెలుసుకున్నాను. ఏడ్చాను. ఏడుపు కూడా నాకు వినపడలేదు. పక్కనున్నవాళ్ళు ఉలిక్కిపడ్డాక గట్టిగా ఏడ్చానని తెలిసింది.

ఇప్పుడు ఆ పడవ రోజు తలుచుకుంటున్నాను. నీ స్పీకరు గట్టు మీద ఉంది, నాకు గాలి కూడా తగల్లేదు. సిల్వియా నోరు చూసి పట్టుకుందామంటే ఆ అమ్మాయి వీపు నా వైపు. అంచేత నువ్వు చేయి దించగానే కళ్ళు మూసుకుని, మనసులో నా ట్రాకు నేనే వేసుకుని, పల్లవి మొదటి నుంచి చివరిదాకా చప్పట్లు కొట్టాను. పల్లవికి ఇరవై చప్పట్లు. మొదటిది ఎక్కడ పడిందో ఇరవయ్యోది దాకా ఒకే అడుగు. కళ్ళు తెరిచేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. పడవ నడిపిన బుచ్చిబాబు గెడ ఆపేసి నవ్వుతున్నాడు. బాగా వచ్చిందనుకున్నాను.

నాకు చెవులు పోయినా తాళం పోలేదు నిరంజన్. ఆ రోజు నాకు కలిగిన ధైర్యం అదే. క్వయరు పిల్లలకి పాడి చెప్పలేకపోయినా తాళం వేసి చెప్పగలను. క్వయరులో నా చోటు ఇంకా ఉందని పాస్టరు గారితో కాగితం మీద రాసి చెప్పాను, ఆయన తల ఊపారు.

వీడియో వచ్చాక పెర్సిస్ ఫోనులో చూస్తాను. వినపడకపోయినా నా గొంతు అక్కడుందని తెలుసు కదా.

అత్తయ్య

*

ఏలూరు,
20 జనవరి 2025

అత్తయ్యకి నిరంజన్ వందనాలు.

ఉత్తరం ఆలస్యమైంది, క్షమించండి. మన వీడియోని ఇప్పటికి పన్నెండు లక్షలమంది చూశారు. నేను తీసిన నలభై ఒక్కటిలో గుర్తున్నది ఇదొక్కటే. జంగారెడ్డిగూడెం నుంచి, రాజమండ్రి నుంచి పిలిచి పని ఇస్తున్నారు. ఎక్కడికి వెళ్ళినా ముందు మిమ్మల్నే అడుగుతున్నారు, ఆ పడవలో మామ్మగారు ఎవరని. మీరు చెప్పిందే నిజమైంది, చూసినవాళ్ళు ఇంటికెళ్ళి తమ ఒంటితో చేసుకునేది ఉండాలన్నారు కదా, చేసుకుంటున్నారు. చప్పట్లు కొడుతూ రీల్సు పెడుతున్నారు.

పెర్సిస్ గారి ఫోనులో చూడకండి. చిన్న తెర, మీ కళ్ళకి మంచిది కాదు. పెద్ద టీవీలో నేనే వచ్చి చూపిస్తాను. ఈ నెలాఖరుకి వీలు చేసుకుంటాను.

నిరంజన్

*

ముదినేపల్లి,
16 ఫిబ్రవరి 2025

నిరంజన్‌కి దీవెనలు.

నెలాఖరు అన్నావు, ఏ నెలదో రాయలేదు. సరేలే, పేరొచ్చినవాడివి, తీరిక ఎక్కడిది.

మొన్న బస్టాండులో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నన్ను గుర్తుపట్టారు. చెరోపక్క నిలబడి ఫోను పైకెత్తారు. చప్పట్లు కొట్టమని సైగ చేస్తే కొట్టాను. వాళ్ళూ కొట్టారు, కాస్త ఆగి ఆగి కొట్టారు. పొట్ట పట్టుకుని నవ్వారు. పిల్లల సంతోషం కదా అని నేనూ నవ్వాను. ఆ తర్వాత బస్సులో కండక్టరు కూడా టిక్కెట్టు ఇచ్చి నా ముందు నాలుగు చప్పట్లు కొట్టాడు. నాలుగే ఎందుకో తెలియలేదు.

క్వయరు పిల్లలు కూడా నేను లోపలికి రాగానే ఏదో చేసి చేతులు వెనక్కి దాచుకుంటున్నారు. పెర్సిస్‌ని వీడియో చూపించమని మూడుసార్లు కాగితం మీద రాశాను. ఒకసారి నెట్ లేదంది, ఒకసారి చార్జింగు లేదంది, మూడోసారి ఫోనే ఇంట్లో మరిచానంది. ఫోను ఆవిడ చేతిలోనే ఉంది. ఆవిడకి అబద్ధం చెప్పడం చేతకాదు.

ఏమిటో నువ్వైనా చెప్పు.

అత్తయ్య

*

తాడేపల్లిగూడెం,
8 మార్చి 2025

అత్తయ్యకి,

స్టూడియోలో కూర్చుని హడావుడిగా రాస్తున్నాను. మీరు ఏమీ మనసులో పెట్టుకోకండి. జనం అభిమానంతో చేస్తున్నారు. పేరొచ్చిన దేన్నైనా జనం అనుకరిస్తారండీ, అది నవ్వు కాదు. వేసవిలో తప్పకుండా వస్తాను. మందులు వేసుకోండి.

నిరంజన్

*

ముదినేపల్లి,
13 ఏప్రిల్ 2025

నిరంజన్,

చూశాను. మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక పెర్సిస్ తనే తెచ్చి చూపించింది. ఇక దాచలేనని ఏడ్చింది. పదకొండుసార్లు చూశాను.

వీడియో కింద జనం ఆ షాటుకి "లేటు చప్పట్ల మామ్మ" అని పేరు పెట్టి రాశారు. సిల్వియా పాట ముగించి చేతులు జోడించింది. పక్షులు లేచాయి. నేను మాత్రం వెనక కళ్ళు మూసుకుని ఇంకా నాలుగు చప్పట్లు కొట్టాను. దాని కోసమే లక్షలమంది చూశారు. దాని కోసమే నువ్వు ఆ షాటు తీసేయలేదు. పక్షులని నాకు రాశావు.

మొదట నాకు సిగ్గు వేసింది. తాళం తప్పిందని తెలియక ఒక ముసలిది చప్పట్లు కొడుతోంది, లోకం నవ్వుతోంది, అంతే కదా అనుకున్నాను. ఆరోసారి సిల్వియా నోరు చూశాను. మొదటి చరణంలో ముఖం దగ్గరగా చూపించావు. ఆ తర్వాత వచ్చే పల్లవిలో, "కేకకు" తర్వాత ఆ అమ్మాయి ఆగలేదు. ఊపిరి తీయలేదు. "కేకకువచ్చితివి" అని ఒక్క బిగిన అనేసింది. నా ట్రాకుకి పెదవులు కదిపితే అక్కడ నోరు తెరిచి ఆగాలి. గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. నేను పల్లవి పాడితే నలభై సెకన్లు. వీడియోలో ముప్పై ఒకటి. నా చప్పట్లు ఇరవయ్యే ఉన్నాయి, ఒక్కటి ఎక్కువ లేదు.

ఆ గొంతు నాది కాదు కదా?

ఆడలేక మద్దెల ఓడన్నట్టు చెబుతున్నాననుకోకు. నేనే మెల్లగా కొట్టి ఉండవచ్చు. చెవులతోపాటు లోపలి గడియారం కూడా మందగించి ఉండవచ్చు. ఇప్పుడు గోడ గడియారం పెట్టుకుని పాడుతున్నది కూడా అదే మందగించిన మనిషి కదా, ఆ నలభైని నమ్మేదెట్లా? రెండు నెలలుగా జనం నవ్వుతున్నారు. అంతమంది తప్పు కాకపోవచ్చు. నాకు నిజం కావాలి. జులై ట్రాకు తీయి. నా చప్పట్ల కింద పెట్టి చూడు. సరిపోతే నాకు తాళం ఉంది. సరిపోకపోతే క్వయరు నుంచి నేనే తప్పుకుంటాను, ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏదైనా సరే, ఈసారి నన్ను సముదాయించకుండా రాయి.

ప్రసన్నకుమారి

*

ఏలూరు,
4 మే 2025

అత్తయ్యా,

మీ ఉత్తరం వచ్చి రెండువారాలైంది. ఎనిమిది కాగితాలు చింపాను.

ఆ గొంతు మీది కాదు. అక్టోబరులో విజయ్ కుమార్ గారు ట్రాకు విని, మా అమ్మాయే పాడుతుంది, వేగం కూడా పెంచండి, ఇంత మెల్లగా ఉంటే ఎవరూ చూడరు అన్నారు. నేను ఒక్కసారి కాదన్నాను. రెండోసారి అనలేదు. మీకు రాద్దామనుకుని, షూటింగు అయ్యాక రాద్దాంలే అనుకున్నాను. మీరు వచ్చి పడవలో కూర్చున్నప్పుడు స్పీకరులో సిల్వియా గొంతు మోగుతోంది. మీకు వినపడదని నాకు తెలుసు. వినపడదు కాబట్టే ధైర్యం చేశాను. ఇది రాస్తుంటే నా చేయి నాకే అసహ్యంగా ఉంది.

మీ చప్పట్లు వెనకబడుతుంటే కట్ చెప్పాలి. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నిజం చెబుతాను. ఆ నాలుగు చప్పట్లు చూడగానే ఇది జనానికి గుర్తుండిపోతుందని నాకు తెలిసిపోయింది. ఆరేళ్ళుగా వెతుకుతున్నది అదే. నేను అక్కడ మీ మేనల్లుణ్ణి కాను, కెమెరావాణ్ణి.

ట్రాకు కోసం తాడేపల్లిగూడెం వెళ్ళాను. లేదు. మాఘమాసం పెళ్ళిళ్ళ వీడియోలకి చోటు చాలక ప్రదీప్ పాత హార్డ్‌డిస్కులన్నీ చెరిపేశాడు. వాడని ట్రాకు కదన్నా అన్నాడు. నా ఫోనులో ఒక కాపీ ఉండేది. జనవరిలో కొత్త ఫోను కొన్నాను, పాతది ఇచ్చేశాను. కొన్నవాడి దగ్గరికీ వెళ్ళాను. అందులో ఇప్పుడేమీ లేదు. చెరిపినవాటిని తిరిగి తీస్తారని విజయవాడలో ఒకాయన దగ్గరికి డిస్కు పట్టుకెళ్ళాను. పెళ్ళిపందిళ్ళు వచ్చాయి. మీరు రాలేదు.

మీ చప్పట్లని మాత్రం కంప్యూటరులో పెట్టి కొలిచాను. ఇరవైకి ఇరవై సమానంగా ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేదు. మీ జులై వేగం కూడా అదేనని నాకు అనిపిస్తోంది. అనిపిస్తోంది అనే రాయగలను. ఒట్టేసి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, పైగా నా ఒట్టు మీరెందుకు నమ్మాలి.

వీడియో కింద జరిగింది జరిగినట్టు రాశాను, తప్పు నాది, మామ్మగారిది కాదని. దాని కిందా చప్పట్ల బొమ్మలే పెట్టారు. మీరు ఊ అంటే వీడియో తీసేస్తాను.

నిరంజన్

*

ముదినేపల్లి,
1 జూన్ 2025

నిరంజన్,

నీ మీద కోపం ఉంది. ప్రార్థన చేసుకుంటే పోతుందేమోనని చూశాను, పోలేదు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నది నేనే కాబట్టి నేనూ ఉన్నట్టే రాస్తున్నాను. నా చెవులు దేవుడు తీసుకున్నాడు, ఆయన్ని అడగను. గొంతు నీ చేతికిచ్చి దాచమన్నాను.

సమానంగా కొట్టానన్నావు. సమానంగా కొట్టడం వేరు, సరిగ్గా కొట్టడం వేరు. ఎండిపోయిన నరంతో కూడా మనిషి సమానంగా మెల్లగా కొట్టవచ్చు. ఆ రెంటికీ తేడా చెప్పగలిగింది ఒక్క ట్రాకే. ఇక నాకెవరూ చెప్పలేరు. నీకు అనిపించడం నాకు పనికిరాదు.

క్వయరు మానేశాను. పాస్టరు గారు వద్దనలేదు. పిల్లలకి తాళం చెప్పడానికి వారం క్రితం నిలబడ్డాను. చేయి ఎత్తగానే ఇది సరైన వేగమేనా అని అనుమానం వచ్చింది. దించేశాను. అంతకుముందు ఎన్నడూ రాని అనుమానం. పిల్లలు ఈసారి నవ్వలేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

వీడియో తీసేస్తానన్నావు. తీయకు. మొదటి పదహారు చప్పట్ల మీద సిల్వియా గొంతు ఉంది. ఆ అమ్మాయి ముగించాక మిగిలిన నాలుగింటి మీద ఎవరి పాటా లేదు. నేను పాడిన పాటలో ఈ లోకంలో ఉన్నది అంతే. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ, అది కూడా చెరిపేస్తే నేను పాడానని చెప్పుకోవడానికి నా దగ్గర ఏముంది? అది నా పాట వేగమో, నా చెవిటితనపు వేగమో నాకు తెలియదు. ఏదైనా అదే మిగిలింది.

నువ్వు రావద్దు. వస్తే నీ పెదవులు చూస్తూ కూర్చోవాలి, నాకిప్పుడు ఎవరి పెదవులూ చూడాలని లేదు. ఉత్తరం కూడా కొన్నాళ్ళు రాయకు. నేను బాగానే ఉన్నాను. ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుంటున్నాను. అందరూ చప్పట్లు కొట్టేటప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుంటున్నాను.

అత్తయ్య